చెన్నపురిలో దిక్సూచి, దుర్భిణి: ఒక చారిత్రక పరిశీలన

1816లో థామస్ హిక్కీ అనే చిత్రకారుడు ఒక తైలవర్ణ చిత్రం గీశాడు. అది నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నది. చిత్రం నడుమ ఎర్రని సైనిక దుస్తులు ధరించి నిలుచున్నవాడు కర్నల్ కాలిన్ మెకంజీ. ఆయన చుట్టూ ముగ్గురు భారతీయులు. తాటాకుల గ్రంథం చేతబట్టినవాడు ధర్మయ్య అనే జైన పండితుడు. వెనుక నిలిచినవాడు ఏలూరు ప్రాంతానికి చెందిన కావలి వేంకట లక్ష్మయ్య కావచ్చునని చరిత్రకారుల భావన. వేరొక పక్కన ఉన్న బంట్రోతు కిష్టాజీ చేతిలో ఒక దుర్భిణి ఉన్నది. దూరాన కార్కళ గోమటేశ్వరుని విగ్రహమూ, ఆవలి కొండమీద సర్వేవారు గురుతుకోసం నిలిపిన కొయ్యా, దాని కొసన బుట్టా కనిపిస్తాయి.

మెకంజీ అప్పటికి భారతదేశపు మొట్టమొదటి సర్వేయర్ జనరల్. దక్షిణాపథాన్ని కొలిపించి పటాలకెక్కించిన ఘనత చరిత్ర గ్రంథాలన్నీ ఆయనకే కట్టబెట్టాయి. అది అన్యాయమని అనలేము. కాని చిత్రకారుడు, తెలిసి చేశాడో తెలియక చేశాడో, దుర్భిణిని దొరగారి చేతికి ఇవ్వలేదు. మోసినవాని చేతిలోనే ఉంచాడు. దిక్సూచి, దుర్భిణి అనే ఈ రెండు పరికరాలు చెన్నపురికి ఎట్లా వచ్చాయి, ఎవరెవరి చేతులలో మెలిగాయి, చివరకు బడిపిల్లల చేతికి ఎట్లా చేరాయి అన్న విషయం విచారించదగినది. ఆ కథలో తెలుగువారి పాలు తక్కువేమీ కాదు.

దిక్కుల జ్ఞానం మాత్రం పరాయిదేశంనుంచి దిగుమతి అయినది కాదు. తూర్పు, ఆగ్నేయం, దక్షిణం, నైరుతి అంటూ ఎనిమిది దిక్కులను వల్లించని తెలుగు బాలుడు ఆ రోజులలో ఉండడు. పూర్వపు తామ్రశాసనాలలో దానమిచ్చిన భూమికి ఎల్లలు చెప్పేటప్పుడు దిక్కుల వరుసనే తీసుకొని, ఫలానా దిక్కున పుట్ట, ఫలానా దిక్కున చింతచెట్టు, ఫలానా దిక్కున చెరువుకట్ట అని చెక్కించేవారు. అయితే చెట్టు కూలిపోతే, పుట్ట కరిగిపోతే ఆ ఎల్ల ఏమవుతుంది? గ్రామ వృద్ధుల జ్ఞాపకమే అప్పుడు శరణ్యం. అయస్కాంతపు ముల్లు, డిగ్రీల చక్రం తెచ్చిన మార్పు ఇక్కడ ఉన్నది. మనిషి జ్ఞాపకంమీద ఆధారపడిన దిక్కును అవి అంకెగా మార్చి కాగితంమీదకు ఎక్కించాయి. ఆ కాగితం ఎవరి పెట్టెలో ఉన్నదో భూమి వారి చేతికి చిక్కినట్లే. ఈస్టిండియా కంపెనీ పటాలకోసం అంత ఆరాటపడడానికి కారణం కేవలం విజ్ఞానాభిలాష మాత్రమే కాదు.

కంపెనీవారి మొదటి ఆరాటం సముద్రం గురించినది. కోరమండల్ తీరంలో సరైన రేవు లేదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకోవలసినదే. తీరరేఖ ఎక్కడ ఎట్లా ఉన్నదో తెలియక నష్టపోయిన ఓడలు అనేకం. 1785లో చెన్నపురికి వచ్చిన మైకేల్ టాపింగ్ ఈ తీరాన్ని శాస్త్రీయంగా పరిశీలించడానికి పూనుకొన్నాడు. ఆయన తిరిగిన చోట్లలో మచిలీపట్నం, కృష్ణా గోదావరీ ముఖద్వారాలు ముఖ్యమైనవి. ఆ నదుల నీటిని పొలాలకు మళ్ళించవచ్చునని సర్ ఆర్థర్ కాటన్‌కు అర్ధశతాబ్దం ముందే కొలతలు తీసి సూచించినవాడు టాపింగే. గోదావరి జిల్లాలవారికి కాటన్ దొర పేరు తెలిసినంతగా ఈయన పేరు తెలియకపోవడం విచారకరం.

ఎగ్మూరులో విలియం పెట్రీ అనే కంపెనీ ఉద్యోగి సొంత ఖర్చుతో నెలకొల్పుకొన్న వేధశాల 1786లో ప్రారంభమైంది. దాని పరికరాలే ఆధారంగా 1792లో నుంగంబాకంలో కంపెనీ వేధశాల వెలసింది. దుర్భిణి కదలకుండా నిలవడానికి అక్కడ పదిహేను అడుగుల ఎత్తున ఒక నల్లరాతి స్తంభం నిలిపారు. ఆ స్తంభంమీద లాటిన్, తమిళం, హిందూస్తానీలతోపాటు తెలుగులో కూడా శాసనం చెక్కించారు. వేధశాల పని 1899లో కొడైకెనాలుకు తరలిపోయినా ఆ స్తంభం మాత్రం వాతావరణ శాఖవారి ఆవరణలో నిలిచి ఉన్నది. నగరంలోని తెలుగు కుటుంబాలలో దానిని చూసినవారు ఎందరో లెక్కపెడితే వేళ్ళు మిగులుతాయి.

తీరమూ ఆకాశమూ చూసుకొన్న తరువాత నేలను కొలవడానికి మనుషులు కావలసి వచ్చారు. ఇంగ్లండునుంచి సర్వేయర్లను రప్పించడం ఖర్చుతో కూడిన పని. ఎగ్మూరులో సైనికుల అనాథ బాలలకోసం ఒక శరణాలయం ఉండేది. ఇసుకలో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలచేత చిన్నపిల్లలకు చెప్పించడం అనే మన వీధిబడుల పద్ధతిని అక్కడ ఆండ్రూ బెల్ ప్రవేశపెట్టాడు. అది తరువాత ‘మద్రాసు పద్ధతి’ అనే పేరుతో ఇంగ్లండుకు వెళ్ళి అక్కడి బడులలో వ్యాపించడం మరొక కథ. ఆ శరణాలయంనుంచి ఎనిమిది మంది బాలలను తీసుకొని టాపింగ్ 1794లో సర్వే పాఠశాల స్థాపించాడు. రెండేళ్ళకే, 1796 జనవరిలో, మచిలీపట్నంలో జ్వరంతో ఆయన కన్నుమూశాడు. పాఠశాల మాత్రం నిలిచింది. రూపాలు మారుతూ అదే ఇంజనీరింగ్ కళాశాల అయి, 1920లో గిండీకి చేరి, నేడు అన్నా విశ్వవిద్యాలయంలో భాగంగా ఉన్నది. ఎందరో తెలుగు ఇంజనీర్లకు విద్యాభిక్ష పెట్టిన ఆ మహాసంస్థకు మూలం ఎనిమిది మంది దిక్కులేని పిల్లలకు దిక్సూచి చూడడం నేర్పిన ఒక చిన్న బడి.

ఆ బాలలు నేర్చుకొన్న విద్య ఎటువంటిదో కొంచెం తెలుసుకోవాలి. దిక్సూచి చేతబట్టి నిశ్చలంగా నిలుచుండి, ముల్లు ఊగడం ఆగేదాకా ఓపికపట్టి, ఎదుటి కొండో గోపురమో ఉత్తరానికి ఎన్ని డిగ్రీల తేడాలో ఉన్నదో చదవాలి. దగ్గర ఇనుప వస్తువేదీ ఉండరాదు. నడుముకు వేలాడే కత్తి, జేబులోని తాళంచెవి కూడా ముల్లును తప్పుదారి పట్టిస్తాయి. అక్కడినుంచి గొలుసుతోగాని, దారి కొలిచే చక్రంతోగాని దూరం కొలుచుకొంటూ ముందుకు పోయి, మరొకచోట నిలిచి అదే గోపురాన్ని మళ్ళీ చూడాలి. రెండు చోట్లనుంచి గీసిన గీతలు కాగితంమీద ఎక్కడ కలుస్తాయో అక్కడ గోపురం ఉన్నట్లు. నదికి ఆవల ఉన్నా, అడవి అడ్డమున్నా, కాలు పెట్టకుండానే ఆ చోటును పటంలో నిలపవచ్చు.

ఈ విషయంలో ప్రకృతి చెన్నపురికి ఒక అనుకూలత కల్పించింది. అయస్కాంతపు ముల్లు చూపే ఉత్తరానికీ నిజమైన ఉత్తరానికీ ఉండే తేడా ఇక్కడ ఒకటి రెండు డిగ్రీలకు మించదు. అంతేకాక లండనులో స్వేచ్ఛగా వేలాడదీసిన ముల్లు అరవై డిగ్రీలకు పైగా నేలవైపు వంగిపోతే, భూఅయస్కాంత మధ్యరేఖకు చేరువలో ఉన్న చెన్నపురిలో అది దాదాపు మట్టంగా నిలుస్తుంది. అందువల్ల ఉత్తర దేశాలకోసం తూకం సరిచేసిన ముల్లు ఇక్కడ ఒక పక్కకు ఒరిగి, అద్దానికి రాసుకొంటుంది. నుంగంబాకం వేధశాలాధిపతి టి. జి. టేలర్, తిరువాన్కూరు వేధశాలకు చెందిన కాల్డెకాట్ ఇద్దరూ కలిసి 1837 ప్రాంతంలో దక్షిణాది అంతటా ముల్లు వంపును పరిశీలించి ఆ ఫలితాలను ప్రకటించారు.

అయితే దిక్సూచితో గీసిన పటంలో చిన్న చిన్న పొరపాట్లు పేరుకొని మైళ్ళ తేడాగా పెరుగుతాయి. ఒక జిల్లాకు సరిపోయే పద్ధతి ఒక దేశానికి సరిపోదు. ఈ లోటు తీర్చడానికి పూనుకొన్నవాడు విలియం లాంబ్టన్. ఆయన ఉపాయం వినడానికి సులభమైనది. ఒక గీతను అతి జాగ్రత్తగా కొలవాలి. దానిని భుజంగా చేసుకొని, రెండు కొసలనుంచీ దూరపు కొండను చూసి కోణాలు తీసుకొంటే, త్రిభుజం మిగిలిన రెండు భుజాలూ లెక్కకు దొరుకుతాయి. అవి మరి రెండు త్రిభుజాలకు ఆధారం. ఆ విధంగా దేశమంతటా వల అల్లవచ్చు. కాని మొదటి గీతలో అంగుళం తప్పితే వల మొత్తం తప్పుతుంది.

ఆ మొదటి గీతను లాంబ్టన్ చెన్నపురిలోనే గీశాడు. 1802 ఏప్రిల్ 10న, ఎండలు ముదిరే కాలంలో, పరంగిమలై అని తమిళులు పిలిచే సెయింట్ థామస్ మౌంట్ పాదం వద్ద మొదలుపెట్టి దక్షిణాన పెరుంబాక్కం కొండ సమీపందాకా ఏడున్నర మైళ్ళు కొలిచాడు. మే 22 దాకా పట్టింది. కొలతగొలుసు ఉక్కుది, నూరు అడుగుల పొడవు, రెండున్నర అడుగుల కడ్డీలు నలభై. నిజానికి అది చైనా చక్రవర్తికి కానుకగా వెళ్ళి, అక్కడ ఆదరణ పొందక, చేతులు మారి కంపెనీవారికి దక్కిన సరుకు. ఎండకు ఉక్కు సాగుతుంది గనుక గొలుసును కొయ్యపెట్టెలలో పరచి, పైన డేరా నీడ కల్పించి, పక్కన ఉష్ణమాపకాలు ఉంచి, ప్రతిసారీ వేడిమి రాసుకొనేవారు. వచ్చిన కొలత 40,006 అడుగుల చిల్లర. అంటే గొలుసును నాలుగు వందల సార్లు ఎత్తి, దించి, మట్టం చూసి, సరిచేయవలసి వచ్చింది. ఎత్తినవారు ఎవరు? సిపాయిలు, లస్కర్లు, కూలీలు. దశాంశ స్థానాలతోసహా కొలత మిగిలింది; వారి పేర్లు సామాన్య పాఠకునికి దొరికేచోట ఎక్కడా లేవు.

కోణాలు తీసే పరికరం థియోడొలైట్. దాని గుండెకాయ ఒక దుర్భిణియే. లండనులో విలియం కేరీ తయారుచేసిన ఆ యంత్రం అర టన్ను బరువు. తీసుకువస్తున్న ఓడను ఫ్రెంచివారు పట్టుకొని మారిషస్‌కు తరలించారు. అది శాస్త్ర పరికరమని గుర్తించిన అక్కడి ఫ్రెంచి గవర్నరు యుద్ధ వైరం పాటించక, మర్యాదపూర్వకంగా చెన్నపురికి పంపించివేశాడు. ఆ యంత్రాన్ని కొండలమీదికీ గోపురాలమీదికీ మోసుకొని తిరిగారు. 1808లో తంజావూరు బృహదీశ్వరాలయం పైకి ఎక్కిస్తుండగా తాడు తెగి గోడకు కొట్టుకొని చక్రం వంగిపోయింది. వేరొకరైతే ఇంగ్లండుకు కబురంపి ఏళ్ళతరబడి కూర్చునేవారు. లాంబ్టన్ డేరాలో తలుపు మూసుకొని, ఆరు వారాలు శ్రమించి, లోహాన్ని తిరిగి తన ఆకృతికి తెచ్చుకొన్నాడు. ఆయన సహాయకులలో జాషువా డి పెన్నింగ్ వంటివారు పైన చెప్పిన చెన్నపురి శరణాలయంనుంచి వచ్చినవారే. త్రిభుజాల వల తెలుగునాట గుత్తిని దాటి, బీదరు మీదుగా ఉత్తరానికి సాగింది. 1819లో కృష్ణా గోదావరుల నడిమి అడవులలో జార్జి ఎవరెస్టు, అతని పరివారమంతా మన్యపు జ్వరంతో పడిపోయారు. తరువాత హిమాలయ శిఖరానికి ఆ దొర పేరు దక్కింది గాని, ఆ అడవులలో చనిపోయిన జెండా మోసేవారి పేరు ఏ గుట్టకూ పెట్టలేదు.

గ్రామస్థులకు ఈ పరివారమంటే అనుమానం. ఆనాటి సర్వే దుర్భిణులలో వస్తువు తలక్రిందులుగా కనిపించేది. కొండమీద కూర్చుండి దొరలు ఇళ్ళలోని ఆడవారిని చూస్తున్నారని, అదీ తలక్రిందులు చేసి చూస్తున్నారని వదంతులు పుట్టి తగవులయ్యాయి. కొలతలు కాగానే పన్నులు పెరుగుతాయని రైతుల భయం. మొదటిది అపోహ. రెండవది పూర్తిగా అపోహ అని చెప్పడానికి వీలులేదు.

ఈ అనుమానాన్ని తొలగించి జనంలోకి వెళ్ళగలిగినవారు కావలి సోదరులు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి ముగ్గురూ మెకంజీ కొలువులో పనిచేశారు. 1783లో చెన్నపురికి వచ్చిన మెకంజీకి దేశభాషలు పట్టుబడలేదు. దుర్భిణిలో కోట కనిపిస్తుంది. దానిని ఎవరు కట్టించారో దుర్భిణి చెప్పదు. దిక్సూచి చెరువు ఏ దిక్కున ఉన్నదో చెబుతుంది. ఆ చెరువుకింద ఎవరి మాన్యాలున్నాయో చెప్పదు. వాటిని చెప్పగలిగినది బొర్రయ్య. పాత కన్నడ శాసనాలను చదివి అర్థం చేసుకొనే నేర్పు, కరణాలతోనూ పండితులతోనూ సమానంగా మాటాడగల నేర్పు ఆయనలో ఉండేవి. ముప్పయ్యేళ్ళు నిండకుండానే 1803లో ఆయన మరణించాడు. ఆ స్థానంలోకి తమ్ముడు లక్ష్మయ్య వచ్చి, సహాయకులను ఊరూరికీ పంపి, స్థానిక చరిత్రలు వ్రాయించి తెప్పించాడు. నేడు ‘కైఫీయతులు’ అని పేరుపొందినవి ఇవే. ఊరి పుట్టుపూర్వోత్తరాలు, దేవాలయాలు, చెరువులు, ఏలిన ప్రభువులు అన్నీ వాటిలో ఉన్నాయి. అందులో పెద్దభాగం చెన్నపురిలోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో భద్రపడింది. తెలుగు దేశపు గ్రామ చరిత్ర వ్రాయదలచిన ఎవరైనా ఆ గుమ్మం తొక్కక తప్పదు.

1821లో మెకంజీ కలకత్తాలో మరణించిన తరువాత జరిగినది బాధాకరమైన విషయం. రామస్వామి 1828లో దక్కను పట్టణాలను గురించి ఆంగ్లంలో ఒక గ్రంథం ప్రకటించాడు. మరుసటి సంవత్సరమే దక్కను కవుల చరిత్రలు ప్రకటించాడు. లక్ష్మయ్య 1833లో చెన్నపురిలో హిందూ లిటరరీ సొసైటీని స్థాపించి, మిగిలిపోయిన పరిశోధనను కొనసాగించే అవకాశం తనకు ఇమ్మని కోరాడు. ఆ విన్నపం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ ముందుకు వెళ్ళింది. జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగా ఉన్న ఆ సంస్థ 1836లో, లక్ష్మయ్యకే కాదు, ఏ భారతీయునికీ అటువంటి పని నిర్వహించే అర్హత ఉండదని అభిప్రాయపడింది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ పనిని చేసి చూపించిన మనిషి గురించి అన్న మాట ఇది! పని చెన్నపురిలోని విలియం టేలర్ అనే మతాచార్యునికి అప్పగించబడింది. అశోకుని బ్రాహ్మీ లిపిని ఛేదించిన ప్రిన్సెప్ మేధను తక్కువ చేయడానికి ఎవరూ సాహసించరు. కాని శిలమీది అక్షరాన్ని చదవగలిగిన ఆ చూపు ఎదుటి మనిషిని చదవలేకపోయింది.

ఆ అభిప్రాయానికి జవాబు నాలుగేళ్ళు తిరగకముందే విశాఖపట్నంలో కనబడింది. గోడే వేంకట జగ్గారావు యువకుడిగా చెన్నపురికి వచ్చి, నుంగంబాకంలో టేలర్ వద్ద ఖగోళ గణితాలు అభ్యసించాడు. ఇంటికి తిరిగివెళ్ళి 1840లో డాబాగార్డెన్సులో సొంత వేధశాల నిర్మించుకొన్నాడు. డాల్ఫిన్స్ నోస్ కొండమీద ధ్వజస్తంభం నెలకొల్పి, జెండా దించడం ద్వారా ఊరికీ ఓడలకూ సరైన సమయం తెలియజేసే ఏర్పాటు చేశాడు. ఆయన తరువాత అల్లుడు అంకితం వేంకట నరసింగరావు ఆ వేధశాలను నడిపి, 1874 డిసెంబరు 9న సూర్యబింబంమీదుగా శుక్రగ్రహం సాగిపోవడాన్ని అక్కడినుంచి పరిశీలించాడు.

ఇంతవరకు చెప్పిన దుర్భిణి ఒంటికంటిది. రెండు కళ్ళతో చూసే జంట దుర్భిణి, అనగా బైనాక్యులర్స్, అడవి దారి పట్టడానికి చాలాకాలం పట్టింది. 1825లో పారిస్‌లో లెమియెర్ తయారుచేసినది నాటకశాలలో వేదికను చూడడానికి పనికివచ్చేంత మాత్రపుది. ఇటలీకి చెందిన ఇగ్నాజియో పొర్రో 1854లో గాజు పట్టకాలతో కాంతిని మడిచి, పొట్టి గొట్టంలోనే ఎక్కువ పెద్దదిగా, తిన్నగా చూపించే ఉపాయం కనిపెట్టాడు. జర్మనీలోని జైస్ సంస్థ 1894నుంచి అటువంటివి అమ్మకానికి తెచ్చింది. పరికరంమీద 8×40 అని ఉంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపుతుందనీ, ముందు అద్దం వెడల్పు నలభై మిల్లీమీటర్లనీ అర్థం. రెట్లు పెరిగినకొద్దీ చేతి వణుకు కూడా అంతే పెరుగుతుంది. అందుచేత పదహారు రెట్లది కొన్నవారు సంతోషించినదానికంటె ఎనిమిది రెట్లది కొన్నవారే ఎక్కువ పక్షులను చూశారు. సూర్యునివైపు మాత్రం దానిని ఎన్నడూ తిప్పరాదు, క్షణంలో చూపు పోతుంది. పిల్లలకు దానిని ఇచ్చే పెద్దలు ముందుగా చెప్పవలసిన మాట అది.

బైనాక్యులర్స్ రాకముందు పక్షిశాస్త్రమంటే తుపాకి శాస్త్రమే. చంపి, చేతిలో పెట్టుకొని చూసేవారు. మద్రాసు సైన్యపు వైద్యుడు థామస్ జెర్డన్ నెల్లూరులో పనిచేసిన కాలంలో ఎన్నో పక్షులను పరిశీలించి, 1843నుంచి చెన్నపురిలో చిత్రాలతో గ్రంథం ప్రకటించాడు. తూర్పు కనుమల పొదలలో రాత్రిపూట తిరిగే ఒక చిన్న పక్షిని లోకానికి పరిచయం చేసినవాడూ ఆయనే. 1848లో శాస్త్రీయంగా వర్ణింపబడిన ఆ పక్షిని తెలుగువారు కలివికోడి అంటారు. 1900లో అనంతపురం ప్రాంతంలో కనబడిన తరువాత అది మళ్ళీ ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అందరూ అనుకొన్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు ఎన్ని విధాల గాలించినా పగటి దుర్భిణికి అది చిక్కలేదు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి వద్ద దానిని పట్టి ఇచ్చినవాడు స్థానికుడైన ఒక పిట్టలవాడు. రాత్రివేళ చేతిదీపంతో తిరిగే అలవాటు, ఏ పొద కింద ఏది ఉంటుందో తెలిసిన అనుభవం అతనివి. ఇందులో చెన్నపురివారికి ప్రత్యేకంగా సంబంధించిన విషయం ఒకటున్నది. నగరానికి కృష్ణా జలాలు తెచ్చే తెలుగుగంగ కాలువ ఆ పక్షి ఉన్న పొదలనే చీల్చుకొని పోవలసి ఉండగా, దానికోసం కాలువ దారిని మార్చారు. కొళాయిలో కృష్ణనీరు పట్టుకొనే ఇల్లాలికి ఆ పిట్ట ఊసు తెలియనక్కరలేదు గాని, తెలిస్తే ఆశ్చర్యపోతుంది.

దిక్సూచి బడిపిల్లల చేతికి రావడం మరొక పోరాట ఫలితం. ఇంగ్లండులో బేడెన్ పోవెల్ ప్రారంభించిన స్కౌటు ఉద్యమం భారతదేశానికి వచ్చినప్పుడు అది దొరల పిల్లలకే పరిమితమై ఉండేది. పటం చదవడం, దిక్కులు గుర్తించడం, గూఢచర్య చేయడం నేర్చిన భారతీయ బాలురు పెద్దవారై ప్రభుత్వానికి ఎదురుతిరుగుతారేమోనని పాలకుల సందేహం. 1917లో అనీబెసెంటు, అరండేలు చెన్నపురిలో భారతీయ బాలురకోసమే వేరొక స్కౌటు సంఘం స్థాపించారు. టోపీకి బదులు తలపాగా వారి గురుతు. 1921లో బేడెన్ పోవెల్ స్వయంగా వచ్చి చూసిన పిమ్మట రెండు శాఖలూ ఒకటయ్యాయి. మొలకు తాడు, జేబులో ఈల, చేతిలో దిక్సూచి ఉన్న స్కౌటు బాలునికి ఎనిమిది దిక్కులు ఇంట్లో అమ్మమ్మ నేర్పినవే. మధ్య మధ్య మరి ఎనిమిది చేర్చి పదహారు చేయడం ఒక్కటే కొత్త.

స్వాతంత్ర్యానంతరం ఈ పరికరాలు మరికొన్ని చేతులకు చేరాయి. 1978లో మద్రాస్ నేచురలిస్ట్స్ సొసైటీ ఏర్పడి అడయారు నదీముఖం, గిండీ అడవి, పల్లికరణై చిత్తడినేల వంటి చోట్లకు పక్షులను చూడడానికి పదిమందినీ తీసుకుపోవడం ప్రారంభించింది. తెలుగు కుటుంబాలకు మరింత చేరువైన దారి ఉత్తరానిది. లోకల్ రైలెక్కి సూళ్ళూరుపేటలో దిగితే ఒక వైపు ప్రళయకావేరి అని పూర్వులు పిలిచిన పులికాట్ సరస్సు, శీతకాలపు రాజహంసలు. మరొక వైపు నేలపట్టు చెరువులో నీట నిలిచిన చెట్లమీద గూడబాతుల కాపురాలు. దక్షిణాన వేడంతాంగల్ ఉన్నది. కొంగల రెట్ట కలిసిన చెరువునీరు పొలానికి బలమని ఎరిగిన ఆ ఊరివారు వేటగాళ్ళను అడ్డుకొని, 1798లోనే కలెక్టరు లయొనెల్ ప్లేస్ చేత హక్కు పొందారు. అప్పటికి లాంబ్టన్ గొలుసు ఇంకా విప్పనైనా లేదు.

ఆ గొలుసు నాలుగు వందల సార్లు పడిన దారి నేడు దాదాపుగా మడిపాక్కం, మేడవాక్కం ప్రాంతాల వీధుల కిందికి పోయింది. దానికి తూర్పు పక్కగా పల్లికరణై చిత్తడినేలలో మిగిలినంతమటుకు 2022లో రామ్‌సర్ జాబితాకెక్కింది. శీతకాలపు ఉదయాన గట్టుమీద నిలిచి, మోచేతులు రొమ్ముకు ఆనించి, ఊపిరి బిగబట్టి బైనాక్యులర్స్‌తో చూసే పిల్లలకు రాజహంసలు కనబడతాయి. పక్కన గేదెలు మేపుకొనే వ్యక్తిని అడిగితే తమిళంలో పూనారై అంటాడు. అక్కడినుంచి పెరుంబాక్కం కొండవైపు నడిచి, దిక్సూచిని అరచేతిలో మట్టంగా పట్టుకొంటే, కొంతసేపు ఊగి ముల్లు నిలుస్తుంది. అది చూపే దిక్కున, ఇంచుమించు సూటిగా, ఏడున్నర మైళ్ళ దూరంలో మౌంట్ ఉన్నది.